ఈమ్ పల్లె రిజిస్టరు: అల్లుడి తాతముత్తాతల్ని ఎక్కడ, ఎలా వెతకాలి

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ అల్లుడి పెద్దలది ఇంగ్లండులో డెర్బీషైర్‌లోని ఈమ్ పల్లె అన్నారు. మనవరాలి కోసం వంశవృక్షం వేద్దామని ఒక వెబ్‌సైటులో ఇంటిపేరు కొడితే, ఒక్క సాయంత్రంలో 1560 దాకా పేర్లు వచ్చేశాయని రాశారు. అందులో ఒకాయన 1665 ఫిబ్రవరిలో పోయినట్టు ఉంది. ఊరికి ప్లేగు వచ్చింది అదే ఏడు సెప్టెంబరులో. అంటే ఆయన ప్లేగుతో పోలేదనుకోవచ్చా, అసలు ఈ వృక్షాన్ని నమ్మొచ్చా అన్నది మీ ప్రశ్న.

నేను ఇరవై ఏళ్ళుగా ఇంగ్లండు పారిష్ రికార్డులు, అంటే ఒక్కో చర్చి పరిధిలోని ఊరి దస్త్రాలు చదువుతున్నాను. మా కోడలి పుట్టింటి వాళ్ళ కోసం మొదలుపెట్టాను, ఆ తర్వాత అడిగిన ప్రతివాళ్ళ కోసమూ చదివాను. సూటిగా చెప్తాను. ఆ ఫిబ్రవరి ఆయన ప్లేగుతోనే పోయి ఉండే అవకాశం బాగా ఉంది. 1560 మాత్రం ఆ ఊరి రిజిస్టరులోంచి వచ్చింది కాదు.

ముందు ఫిబ్రవరి సంగతి. మనకు ఉగాదితో ఏడు మారినట్టే, 1752కి ముందు ఇంగ్లండులో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అందుకని ఆనాటి రిజిస్టరులో 1665 డిసెంబరు తర్వాత పేజీ తిప్పితే 1665 జనవరి, 1665 ఫిబ్రవరి వస్తాయి. 1666 అన్న అంకె మార్చి చివరికి గానీ కనబడదు. మన లెక్కలో అది 1666 ఫిబ్రవరి, అంటే ప్లేగు ఊళ్ళోకి వచ్చిన ఐదు నెలలకు. ఆ చలికాలంలో చావులు తగ్గాయి గానీ ఆగలేదు. ఎవరో ఆ అంకెను ఉన్నది ఉన్నట్టు ఎక్కించేసరికి, ప్లేగులో పోయిన మనిషి ప్లేగు రాకముందే పోయినవాడైపోయాడు. తెలిసినవాళ్ళు ఇలాంటి తేదీని 1665/66 అని రెండూ వేస్తారు. మీరూ అలాగే వేయండి.

ఇక 1560. పుట్టినవాళ్ళకి బాప్టిజం, పెళ్ళి, ఖననం ఈ మూడూ ప్రతి పారిష్‌లో రాసి ఉంచాలని హెన్రీ 8 దగ్గర మంత్రిగా ఉన్న థామస్ క్రామ్‌వెల్ 1538లో ఆజ్ఞ వేశాడు. ఆజ్ఞ అయితే దేశమంతటికీ వేశాడు గానీ పుస్తకాలన్నీ మిగల్లేదు. చెమ్మకి పోయినవి, ఎలుకలు కొట్టినవి, అంతర్యుద్ధం రోజుల్లో రాసేవాడే లేక ఖాళీగా ఉండిపోయినవి ఎన్నో. ఈమ్‌లో మిగిలిన రిజిస్టరు 1630 నుంచి మొదలవుతుంది. మరి 1560లో అక్కడ పుట్టిన మనిషి తండ్రి పేరుతో సహా ఎలా దొరికాడు? ఎవరో వేరే ఊరి వాణ్ణి ఇంటిపేరు కలిసిందని తెచ్చి తగిలించి ఉంటారు. దాన్ని ఇంకొకరు ఎక్కించుకుంటారు, వాళ్ళ దగ్గర నుంచి మరో పదిమంది. పదిమంది దగ్గర కనిపిస్తోంది కదా అని మనం నమ్మేస్తాం. నమ్మకండి. మాటవరసకి ఏదైనా వీలునామాలో ఆధారం ఉండొచ్చు, ఉంటే దాని కాపీ చూపించమని అడగండి. చూపించలేకపోతే ఆ కొమ్మ కొట్టేయండి.

ఇన్నేళ్ళలో నేను నేర్చుకున్న పద్ధతి ఒక్కటే. మనిషిని వెతకొద్దు, పేజీ చదవండి. సెర్చ్‌లో పేరు కొడితే పేరున్న వాక్యం ఒక్కటే వస్తుంది. దాని పైన ఎవరున్నారు, కింద ఎవరున్నారు, ఆ నెలలో ఊళ్ళో ఎంతమంది పోయారు, అవేమీ రావు.

ఈమ్ 1666 ఆగస్టు పేజీనే తీసుకోండి. హాంకాక్ అనే ఇంటిపేరు ఆగస్టు 3 నుంచి 10 వరకూ మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఎలిజబెత్ హాంకాక్ అనే ఆవిడ ఆ ఎనిమిది రోజుల్లో భర్తనీ ఆరుగురు పిల్లల్నీ పోగొట్టుకుంది. ఒకే రోజున మూడు పేర్లున్నాయి. ఆ నెలలో ఊళ్ళో పోయినవాళ్ళు 78 మంది. చర్చి దొడ్లో పూడ్చడం అప్పటికే ఆపేశారు, ఎవరి వాళ్ళని వాళ్ళే పొలంలోనో పెరట్లోనో పూడ్చుకోవాలి. ఊరికి తూర్పున కొండవాలు మీద, చుట్టూ రాతి గోడ కట్టిన చిన్న వలయంలో ఆ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. రైలీ గ్రేవ్స్ అంటారు. నేను వెళ్ళినప్పుడు గోడ లోపల గడ్డి తడిగా ఉంది, కింద లోయంతా కనిపిస్తోంది. రిజిస్టరులో ఏడు వరుసలుగా చదివినది అక్కడ ఏడు రాళ్ళుగా ఉంటే, చాలాసేపు కదలలేకపోయాను. సెర్చ్‌లో ఒక్క పిల్లవాడి పేరు కొట్టిన మనిషికి ఆ తల్లి కనబడదు. రిజిస్టరులో ఆవిడ ఖననం లేదు కాబట్టి పేజీలోనూ ఆవిడ పేరు లేదు. ఆవిడ ఉందని తెలిసేది మిగతా ఏడుగుర్ని కలిపి చదివితేనే.

రోగం వచ్చిన తీరూ ఇలాగే పేజీలో కనబడుతుంది. లండన్ నుంచి వచ్చిన గుడ్డలతో ఒక దర్జీ ఇంట్లో మొదలైందని ఊళ్ళో చెప్పుకునే కథ. ఆ ఇంట్లో ఉండి పనిచేసే జార్జ్ వికర్స్ ఖననం 1665 సెప్టెంబరు 7న. రెండు వారాలకి అదే ఇంటి పిల్లవాడు ఎడ్వర్డ్ కూపర్. ఆ తర్వాత ఇరుగుపొరుగు. మరుసటి ఏడు ఎండాకాలంలో రెక్టార్, అంటే ఊరి చర్చి పాస్టర్ విలియం మాంపెసన్, ఆయనకంటే ముందు అక్కడ పనిచేసి, ప్రభుత్వ చర్చి నియమాలకి ఒప్పుకోక పదవి పోయిన థామస్ స్టాన్లీ ఇద్దరూ కలిసి, ఊరు దాటి ఎవరూ పోవద్దని జనాన్ని ఒప్పించారు. పక్క ఊళ్ళవాళ్ళు సరిహద్దు రాయి దగ్గర తిండి గింజలు పెట్టి పోతే, వీళ్ళు రోగం అంటకుండా ఆ రాతిలోని గుంటల్లో వెనిగర్ పోసి డబ్బులు వేసేవాళ్ళు. మాంపెసన్ భార్య కేథరిన్ ఆగస్టు 25న పోయింది. నవంబరులో ఆయన రాసిన ఉత్తరంలో 76 కుటుంబాలకు రోగం తగిలిందని, 259 మంది పోయారని లెక్క చెప్పాడు.

ఊళ్ళో మొత్తం 350 మందే ఉండేవాళ్ళని, నలుగురిలో ముగ్గురు పోయారని చాలాకాలం చెప్పుకున్నారు. మీ వెబ్‌సైటులో కూడా అదే రాసి ఉంటుంది. కానీ 1664 నాటి పొయ్యి పన్ను జాబితా ఉంది. ఆ రోజుల్లో ఇంట్లో ఎన్ని పొయ్యిలుంటే అన్నిటికీ పన్ను, ఒక్కో పొయ్యికి ఏడాదికి 2 షిల్లింగులు. పేదవాళ్ళకి మినహాయింపు ఉండేది. ఆ జాబితానీ రిజిస్టరునీ కలిపి లెక్కవేసినవాళ్ళు జనాభా దాదాపు 700 అని తేల్చారు. 2016లో ఇద్దరు పరిశోధకులు ఇవే రెండు కాగితాలు చదివి, ఈమ్‌లో రోగం నాలుగింట మూడు వంతులు మనిషి నుంచి మనిషికే పాకిందని రాశారు. ఆ 700 లెక్క ప్రకారం సగానికి పైగా జనం బతికారు. మీ అల్లుడి పెద్దలు బతికి బయటపడ్డవాళ్ళే అయితే అందులో నమ్మలేనిది ఏమీ లేదు. అలాగని రుజువూ కాదు, ఎందుకంటే ప్లేగు తర్వాత బయటి నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళూ ఉంటారు.

ఇంకొక జాగ్రత్త. ఈమ్ మొదటి రిజిస్టరు ఇప్పుడు మనం చూసేది తర్వాతి కాలంలో ఎత్తిరాసిన ప్రతి. ఎత్తిరాసినప్పుడు పేర్లు తప్పడం, వరస జారడం మామూలే. అందుకని ప్రతి ఏడూ బిషప్ కార్యాలయానికి పంపే నకళ్ళు కూడా చూడాలి. డెర్బీషైర్ అప్పట్లో లిచ్‌ఫీల్డ్ బిషప్ పరిధిలో ఉండేది కాబట్టి ఆ నకళ్ళూ, 1858కి ముందటి వీలునామాలూ ఇప్పుడు స్టాఫర్డ్‌షైర్ రికార్డుల్లో ఉంటాయి. ఈమ్ వాళ్ళ వీలునామా కోసం డెర్బీషైర్‌లోనే వెతికి, లేదనుకుని వదిలేసినవాళ్ళు చాలామంది.

పారిష్ అంటే చర్చి ఒక్కటే అనుకోకండి. మన పల్లెలో కరణం దస్త్రం భూమి చుట్టూ, శిస్తు చుట్టూ తిరిగేది. వాళ్ళ పారిష్ పెట్టె మనిషి చుట్టూ తిరిగింది. నిజంగానే పెట్టె, చర్చిలో ఓక్ చెక్కతో చేసి, మూడు తాళాలు వేసి ఉంచేవాళ్ళు. ఒక తాళంచెవి పాస్టర్ దగ్గర, రెండు చర్చి వార్డెన్ల దగ్గర, అంటే చర్చి పనులు చూసే ఊరి పెద్దల దగ్గర. ముగ్గురూ ఉంటేనే తెరుచుకోవాలని 1603లో పెట్టిన నియమం. అందులో బాప్టిజం పుస్తకాలతో పాటు పేదలకు ఇచ్చిన పైసల లెక్కలు, దారి బాగుచేయించిన ఖర్చులు, ఎవరు ఏ ఊరివాళ్ళో తేల్చే కాగితాలు అన్నీ ఉండేవి.

ఈ చివరివి నాకు అన్నిటికంటే ఇష్టం. 1662 చట్టం ప్రకారం పేదవాడికి సాయం చేసే బాధ్యత అతని సొంత పారిష్‌ది. బతుకుతెరువు కోసం పక్క ఊరికి పోయి జబ్బుపడితే, నీది ఏ పారిష్ అని ఇద్దరు మేజిస్ట్రేట్లు కూర్చోబెట్టి అడిగేవాళ్ళు. ఎక్కడ పుట్టావు, ఎవరి దగ్గర పాలేరుగా చేశావు, ఏడాదంతా చేశావా, జీతం ఎంత, ఎప్పుడు పెళ్ళయింది, పిల్లలెందరు. ఒకే ఊళ్ళో ఒక యజమాని దగ్గర ఏడాది నిండా పనిచేస్తే ఆ పారిష్‌లో హక్కు వచ్చేది. అది రాకుండా 51 వారాలకే పనివాణ్ణి మానిపించే యజమానులు ఉండేవాళ్ళు. పెళ్ళికాని గర్భిణిని, బిడ్డ తమ ఊళ్ళో పుడితే ఖర్చు తమ మీద పడుతుందని, నెలలు నిండుతున్నా బండెక్కించి సరిహద్దు దాటించిన కేసులు నేనే చదివాను. రాయడం చదవడం రాని కూలివాడి జీవితకథ అతని మాటల్లోనే దొరికేది ఈ కాగితాల్లోనే. చివర అతను వేసిన ఇంటూ గుర్తు ఉంటుంది. మీ అల్లుడి పెద్దలు పేదవాళ్ళని తేలితే నిరాశపడకండి. చేతిలో నాలుగు డబ్బులుండి ఎవరి సాయమూ అడగని మధ్యరకం రైతు గురించి దొరికేదే తక్కువ.

నేను చేసిన ఒక తప్పు చెప్తాను, మీకు పనికొస్తుంది. మా కోడలి వైపు ఒక జాన్ కోసం వెతుకుతుంటే, సరైన ఊళ్ళో సరైన ఏట బాప్టిజం దొరికింది. తండ్రి పేరూ కుదిరింది. ఎనిమిది నెలలు ఆ తండ్రి వంశమంతా తవ్వుకుంటూ రెండు వందల ఏళ్ళు వెనక్కి పోయాను. తర్వాత ఒకరోజు వేరే పనిమీద ఖననాల పుస్తకం తిరగేస్తుంటే ఆ జాన్ కనిపించాడు, వయసు మూడు వారాలు. బతికిన జాన్ అతని పినతండ్రి కొడుకు, రెండేళ్ళు చిన్నవాడు, పక్క ఊళ్ళో బాప్టిజం అయినవాడు. అప్పటినుంచి ఎవరి బాప్టిజం దొరికినా ముందు ఖననాల పుస్తకం తీసి, చిన్నతనంలో పోలేదని చూసుకున్నాకే ముందుకి పోతాను. మీరూ ఇది తప్పనిసరిగా చేయండి. పోయిన బిడ్డ పేరే తర్వాత పుట్టిన బిడ్డకి పెట్టడం కూడా అక్కడ మామూలే, ఒకే తల్లిదండ్రులకి ముగ్గురు విలియంలు కనబడితే తప్పు రాశారనుకోకండి.

ఆడవాళ్ళని వెతకడం మరీ కష్టం. పెళ్ళవగానే ఇంటిపేరు మారుతుంది, పాత రిజిస్టర్లలో బిడ్డ తండ్రి పేరొక్కటే రాసి తల్లిని వదిలేసినవి బోలెడు. 1813 నుంచి అచ్చు వేసిన ఫారాలు వచ్చాక తల్లి పేరు, ఉండే చోటు, తండ్రి చేసే పని తప్పనిసరి అయ్యాయి. అయినా తల్లి పుట్టింటి పేరు ఉండదు. పెళ్ళి రిజిస్టరులో 1837 నుంచి వధూవరుల తండ్రుల పేర్లు రాశారు గానీ, తల్లుల పేర్లు రాయడం ఇంగ్లండులో 2021 మేలో మొదలైంది. ఇది నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం. దీనికి ఒక దారి ఉంది. జనన మరణాలు నమోదు చేసే ప్రభుత్వ కార్యాలయం, జనరల్ రిజిస్టర్ ఆఫీసు వారి ఆన్‌లైన్ సూచికలో 1837 నుంచి జననాలకి తల్లి పుట్టింటి పేరు కూడా ఇచ్చారు. చూడటం ఉచితం. దాంతో ఒక జంట పిల్లలందరినీ ఒకచోట చేర్చవచ్చు. ఈమ్ జననాలు బేక్‌వెల్ జిల్లా కింద నమోదయ్యాయి కాబట్టి బేక్‌వెల్ అని కనిపిస్తే వేరే ఊరనుకుని దాటేయకండి. అలాగే ఫూలో, ఈమ్ వుడ్‌ల్యాండ్స్ అన్నవి ఈమ్ పారిష్‌లోని భాగాలే.

మీకు దారి ఇలా వేసుకోండి. మీ అల్లుడి దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడవాలి, 1560 నుంచి ముందుకి కాదు. ఆయన నాయనమ్మ, తాతలు ఎవరైనా ఉంటే ఈ వారమే ఫోన్ చేసి మాట్లాడించండి, వాళ్ళకి తెలిసింది ఏ ఆఫీసులోనూ లేదు. ఆ తర్వాత జనన, వివాహ సర్టిఫికెట్లు 1837 జూలై దాకా. మధ్యలో సెన్సస్ 1921 నుంచి 1841 వరకు పదేళ్ళకొకసారి. 1931 సెన్సస్ 1942లో అగ్నిప్రమాదంలో కాలిపోయింది, 1941లో యుద్ధం వల్ల తీయలేదు, కాబట్టి ఆ ఖాళీకి యుద్ధం మొదట్లో జనం పేర్లు ఎక్కించిన 1939 రిజిస్టరు వాడాలి. 1841లో 15 దాటినవాళ్ళ వయసుని ఐదుల్లోకి తగ్గించి రాశారు, 39 ఏళ్ళవాడు 35 అని ఉంటాడు. ఏ పారిష్‌లో పుట్టాడో తెలిసేది 1851 నుంచి. వృత్తి దగ్గర సీసం గని పనివాడని ఉంటే ఆశ్చర్యం లేదు, ఆ కొండలన్నీ సీసం గనులే. తర్వాతి తరాలు చెప్పుల ఫ్యాక్టరీల్లోకి మారాయి.

1754కి ముందు పెళ్ళిళ్ళు దొరక్కపోతే టెన్షన్ పడకండి. పెళ్ళిళ్ళ నియమాలు బిగించిన హార్డ్‌విక్ చట్టం ఆ ఏడాది అమల్లోకి వచ్చేదాకా చర్చి చాటింపు లేకుండా వేరేచోట పెళ్ళి చేసుకున్నవాళ్ళు చాలామంది. బాప్టిజం కూడా దొరక్కపోతే ఆ కుటుంబం స్టాన్లీ లాంటి వాళ్ళ వెంట వెళ్ళి, ఆంగ్లికన్ చర్చికి, అంటే ఆ ప్రభుత్వ చర్చికి దూరమై ఉండొచ్చు. అలాంటి సంఘాల రిజిస్టర్లు విడిగా ఉన్నాయి.

ఉచితంగా వెతకడానికి ఫ్యామిలీసెర్చ్, ఫ్రీరెగ్, ఫ్రీబీఎండీ చాలు. డబ్బు కట్టే సైట్లు ఆన్సెస్ట్రీ, ఫైండ్‌మైపాస్ట్ అక్కడి చాలా లైబ్రరీల్లో ఉచితంగా చూడనిస్తారు, అల్లుణ్ణి కనుక్కోమనండి. అసలు పుస్తకాలు మాట్లాక్‌లోని డెర్బీషైర్ రికార్డ్ ఆఫీసు పరిధిలోవి. అక్కడికి వెళ్ళే ముందు ఏ పుస్తకం కావాలో రాసుకుని, వాళ్ళతో మాట్లాడి వెళ్ళండి. పెన్ను లోపలికి తీసుకెళ్ళనివ్వరు, పెన్సిల్ పట్టుకెళ్ళాలి.

ఒకవేళ సెన్సస్‌లో ఎవరి పక్కనైనా పుట్టిన చోటు మద్రాసు, ఈస్టిండీస్ అని కనబడితే నాకు తప్పక చెప్పండి. మద్రాసు ప్రెసిడెన్సీలోని యూరోపియన్ల బాప్టిజం, పెళ్ళి, ఖననం నకళ్ళు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. మచిలీపట్నం, విశాఖపట్నం చర్చిల ఎంట్రీలు కూడా వాటిల్లో వస్తాయి. అది చదవడంలో నేను సాయం చేయగలను.

ఇప్పటికి మాత్రం మొదట తెచ్చుకోవాల్సింది 1911 సెన్సస్ కాగితం. అంతకు ముందటి సెన్సస్‌లలో మనకి మిగిలినవి గుమాస్తాలు ఎక్కించిన పుస్తకాలు. 1911లో ఇంటి పెద్ద సొంత చేత్తో నింపిన ఫారమే భద్రంగా ఉంది, అంటే అది మీ అల్లుడి ముత్తాత చేతిరాతే కావచ్చు. అందులో పెళ్ళయిన స్త్రీని పెళ్ళయి ఎన్నేళ్ళయింది, ఎంతమంది పిల్లల్ని కన్నావు, ఎంతమంది ఉన్నారు, ఎంతమంది పోయారు అని అడిగారు. ఆ అంకెలన్నీ చూసి, పోయిన పిల్లల పేర్లు జనరల్ రిజిస్టర్ ఆఫీసు సూచికలో వెతకండి. వాళ్ళ పేర్లు కూడా మనవరాలి వృక్షంలో చేర్చండి. అవి దొరికాక ఇక్కడ రాయండి, అక్కడినుంచి 1841కి ఎలా వెళ్ళాలో చూద్దాం.